అంతర్దేశీయ దత్తత

అంతర్దేశీయ దత్తత అనగా ఒక దేశంలో నివసించే దంపతులు గాని, ఒంటరి వ్యక్తి గాని మరొక దేశంలో నివసించే బిడ్డను చట్టబద్ధంగా తమ సంతానంగా స్వీకరించి, తమ దేశానికి తీసుకొనిపోవడం. దీనిని విదేశీ దత్తత అని కూడా అంటారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత మొదలైన ఈ పద్ధతి కొరియా యుద్ధానంతరం విస్తరించి, 2004 ప్రాంతంలో పరాకాష్ఠకు చేరి, ఆపై క్రమంగా క్షీణించింది. 2004లో ఒక్క అమెరికా సంయుక్త రాష్ట్రాలకే దాదాపు 23 వేల మంది పిల్లలు ఈ విధంగా చేరారు. 2023 ఆర్థిక సంవత్సరంలో అక్కడికి చేరినవారు 1,275 మంది మాత్రమే.

దరఖాస్తు పెట్టిన నాటి నుండి బిడ్డ ఇల్లు చేరే వరకు గడిచే నిరీక్షణ కాలం ఈ దత్తతలో ముఖ్యమైన భాగం. ఇది కొన్ని నెలల నుండి పదేళ్ళ వరకు సాగిన సందర్భాలు కలవు. నిరీక్షించేది కుటుంబం ఒక్కటే కాదు. శిశుగృహంలో ఉన్న బిడ్డ కూడా నిరీక్షిస్తూ ఉంటుంది. ఆలస్యం వలన బిడ్డకు నష్టం కలుగుతుంది. తొందర వలన కన్నతల్లికి అన్యాయం జరగవచ్చు. ఈ రెండింటి మధ్య సమతూకం సాధించడమే అంతర్దేశీయ దత్తత చట్టాలన్నిటి సారాంశం.

పదం, అర్థం

దత్త అనగా ఇవ్వబడిన అని అర్థం. తెలుగువారిలో దత్తత, దత్తు, పెంపకం అనే మాటలు వాడుకలో ఉన్నాయి. అయితే పెంపకం వేరు, దత్తత వేరు. పెంపుడు బిడ్డకు అన్నవస్త్రాలు, ఆదరణ లభిస్తాయి గాని చట్టరీత్యా వారసత్వం సంక్రమించదు. దత్తత పొందిన బిడ్డ కన్నబిడ్డతో సమానమైన సకల హక్కులు పొందుతుంది. కృష్ణుని పెంచిన యశోద, కర్ణుని పెంచిన రాధ, నాగేటిచాలులో దొరికిన సీతను కూతురుగా స్వీకరించిన జనకుడు మన పురాణేతిహాసాలలో పరాయి బిడ్డను తమ బిడ్డగా చేసుకున్నవారికి ఉదాహరణలు.

పూర్వం మన దేశంలో దత్తత ప్రధానంగా వంశం నిలుపుకొనుటకు, పితృకార్యాలకు ఉద్దేశించినది. బంధువుల పిల్లవానిని తీసుకొనడం ఆచారం. బిడ్డ లేని కుటుంబానికి బిడ్డను ఇవ్వడం దాని పరమార్థం. ఆధునిక చట్టం ఈ దృష్టిని తలక్రిందులు చేసింది. కుటుంబం లేని బిడ్డకు కుటుంబాన్ని వెదకడం నేటి దత్తత పరమార్థం.

చరిత్ర

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత జర్మనీ, గ్రీసు, జపాన్ దేశాలలోని అనాథ పిల్లలను అమెరికా కుటుంబాలు దత్తత తీసుకొనడంతో ఈ పద్ధతి ఆరంభమైంది. 1950-53 మధ్య జరిగిన కొరియా యుద్ధం దీనిని ఒక వ్యవస్థగా మార్చింది. ఓరెగన్ రాష్ట్రానికి చెందిన హ్యారీ హోల్ట్, బెర్తా హోల్ట్ అనే రైతు దంపతులు 1955లో ఎనిమిది మంది కొరియా పిల్లలను దత్తత తీసుకున్నారు. అంతమందిని ఒకే కుటుంబం తీసుకొనుటకు నాటి చట్టం అంగీకరించనందున అమెరికా కాంగ్రెస్ వారి కొరకు ప్రత్యేక చట్టం చేసింది. ఆపై వారు స్థాపించిన సంస్థ ద్వారా వేలాది పిల్లలు విదేశాలకు వెళ్ళారు. 1953 తరువాత దక్షిణ కొరియా నుండి విదేశాలకు వెళ్ళిన పిల్లలు సుమారు రెండు లక్షల మంది అని అంచనా. దేశం సంపన్నమైన తరువాత కూడా ఇది ఆగలేదు. 1980 దశకం మధ్యలో ఏటా ఎనిమిది వేలకు పైగా పిల్లలు వెళ్ళారు.

వియత్నాం యుద్ధం ముగింపు దశలో, 1975 ఏప్రిల్‌లో, సైగాన్ నుండి వేలాది పిల్లలను విమానాలలో అమెరికా, ఆస్ట్రేలియా తదితర దేశాలకు తరలించారు. ఏప్రిల్ 4న బయలుదేరిన సైనిక విమానం కూలి వంద మందికి పైగా మరణించారు. తరలించిన పిల్లలలో కొందరికి తల్లిదండ్రులు జీవించి ఉన్నారని తరువాత తెలిసింది.

1989 డిసెంబరులో రొమేనియా నియంత చౌషెస్కూ పతనమైనప్పుడు అక్కడి అనాథాశ్రమాల దుస్థితి లోకానికి వెల్లడైంది. పాశ్చాత్య దేశాల నుండి దంపతులు తరలివెళ్ళారు. ఆశ్రమాలలోని పిల్లలతో పాటు పేద కుటుంబాల నుండి నేరుగా పిల్లలను కొనడం కూడా జరిగింది. 1990 దశకంలో రష్యా, చైనా, గ్వాటెమాలా దేశాలు ప్రధాన స్థానాలు ఆక్రమించాయి. చైనాలో ఒకే బిడ్డ విధానం వలన అనేకమంది ఆడశిశువులను తల్లిదండ్రులు వదలివేశారు. 1992లో అమలులోకి వచ్చిన చట్టంతో విదేశీయులకు దత్తత అవకాశం కలిగింది. ఆనాటి నుండి 2024 వరకు ఆ దేశం నుండి సుమారు 1,60,000 మంది పిల్లలు విదేశీ కుటుంబాలలో చేరారు. వీరిలో సగానికి పైగా అమెరికాకు వెళ్ళారు.

హేగ్ ఒప్పందం

రొమేనియా అనుభవం ఒక అంతర్జాతీయ కట్టుబాటు అవసరాన్ని తెలియజేసింది. ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 21వ అధికరణం దత్తతను గురించినది. దానికి ఆచరణ రూపం ఇస్తూ 1993 మే 29న నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో అంతర్దేశీయ దత్తత ఒప్పందం కుదిరింది. 1995 మే 1న ఇది అమలులోకి వచ్చింది. వందకు పైగా దేశాలు ఇందులో చేరాయి. భారతదేశం 2003లో చేరింది. అమెరికాలో ఇది 2008 ఏప్రిల్ 1 నుండి, దక్షిణ కొరియాలో 2025 అక్టోబరు 1 నుండి అమలులో ఉంది.

ఒప్పందంలోని ముఖ్యాంశాలు:

* బిడ్డకు మొదట స్వదేశంలో కుటుంబాన్ని వెదకాలి. అది సాధ్యం కానప్పుడే విదేశీ కుటుంబాన్ని పరిశీలించాలి.
* కన్నతల్లి సమ్మతి ప్రసవం తరువాతనే తీసుకోవాలి. ఆ సమ్మతికి డబ్బు గాని, మరే ప్రతిఫలం గాని కారణం కారాదు.
* నిర్ణీత అర్హతలు, సమ్మతులు తేలే వరకు దత్తత కోరేవారు బిడ్డ తల్లిదండ్రులను గాని, సంరక్షకులను గాని కలుసుకోరాదు. బంధువుల మధ్య దత్తతకు మినహాయింపు కలదు.
* దత్తత వలన ఎవరూ అనుచిత ఆర్థిక లాభం పొందరాదు. న్యాయమైన ఖర్చులు, రుసుములు మాత్రమే వసూలు చేయాలి.
* బిడ్డ పుట్టుపూర్వోత్తరాల సమాచారాన్ని భద్రపరచాలి.
* ప్రతి దేశం ఇందుకొరకు ఒక కేంద్రీయ అధికార సంస్థను ఏర్పరచాలి.

దత్తత జరిగే క్రమం

దేశాన్ని బట్టి వివరాలు మారినా, సాధారణ క్రమం ఈ విధంగా ఉంటుంది.

మొదటి దశ గృహ పరిశీలన. దీనిని హోమ్ స్టడీ అంటారు. సామాజిక కార్యకర్త దంపతులను కలిసిగా, విడివిడిగా ప్రశ్నిస్తారు. వారి ఇల్లు, ఆదాయం, ఆరోగ్యం, దాంపత్యం, బాల్యం, పిల్లల పెంపకంపై అభిప్రాయాలు తెలుసుకుంటారు. నేరచరిత్ర లేదని పోలీసుల ధ్రువీకరణ, పరిచయస్తుల సిఫారసు లేఖలు జతచేస్తారు. మరో జాతి బిడ్డను పెంచుటకు వారు, వారి బంధువర్గం ఎంతవరకు సిద్ధంగా ఉన్నారనేది కూడా పరిశీలిస్తారు.

రెండవ దశ పత్రాల సేకరణ. జనన, వివాహ, ఆదాయ, వైద్య ధ్రువపత్రాలను నోటరీ చేయించి, ప్రభుత్వ ముద్రలు వేయించి, అవసరమైతే అనువదింపజేసి బిడ్డ దేశానికి పంపుతారు. ఈ పత్రాల కట్టను డోసియర్ అంటారు. వైద్య పత్రాలకు, వేలిముద్రలకు కాలపరిమితి ఉన్నందున నిరీక్షణ దీర్ఘమైతే వీటిని మళ్ళీ మళ్ళీ చేయించవలసి వస్తుంది.

మూడవ దశ బిడ్డ ప్రతిపాదన. దీనిని రెఫరల్ అంటారు. బిడ్డ ఛాయాచిత్రం, వయస్సు, ఎత్తు, బరువు, తల చుట్టుకొలత, ఆరోగ్య వివరాలు, పూర్వాపరాలు కుటుంబానికి అందుతాయి. తక్కువ వ్యవధిలో నిర్ణయం తెలుపవలసి ఉంటుంది. చాలామంది ఆ వివరాలను ఈ రంగంలో అనుభవం గల పిల్లల వైద్యునికి చూపి సలహా పొందుతారు.

నాలుగవ దశ చట్టపరమైన ఉత్తర్వు, ప్రవేశ అనుమతి. ఉభయ దేశాల కేంద్రీయ సంస్థలు అంగీకరించిన తరువాతనే బిడ్డను అప్పగిస్తారు. దత్తత ఒప్పందానుసారం జరిగినదని 23వ అధికరణం క్రింద ధ్రువపత్రం ఇస్తారు. దానిని మిగిలిన సభ్యదేశాలన్నీ గుర్తించాలి. తరువాత పాస్‌పోర్టు, వీసా, ప్రయాణం.

ఐదవ దశ అనంతర పర్యవేక్షణ. బిడ్డ కొత్త ఇంటిలో ఎలా ఉన్నదీ నిర్ణీత కాలం వరకు నివేదికలు పంపాలి. భారతదేశం నుండి వెళ్ళిన బిడ్డ విషయంలో మొదటి సంవత్సరం మూడు నెలలకు ఒకసారి, రెండవ సంవత్సరం ఆరు నెలలకు ఒకసారి నివేదిక పంపడం నియమం.

నిరీక్షణ కాలం

కుటుంబం వైపు

గర్భధారణకు తొమ్మిది నెలల గడువు ఉంది. దత్తతకు అటువంటి గడువు లేదు. ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోవడమే ఈ నిరీక్షణలోని ప్రధానమైన కష్టం. చైనా నుండి బిడ్డను కోరిన కుటుంబాల అనుభవం దీనికి చక్కని ఉదాహరణ. అక్కడ ప్రతి దరఖాస్తుకు ఒక నమోదు తేదీ ఉండేది. ఆ తేదీల వరుసలోనే బిడ్డలను ప్రతిపాదించేవారు. 2005లో నమోదైన కొన్ని నెలలకే ప్రతిపాదన అందేది. దరఖాస్తులు పెరగడం, విదేశీయులకు లభించే ఆరోగ్యవంతులైన శిశువుల సంఖ్య తగ్గడం, చైనాలోనే దత్తతలు హెచ్చడం వలన ఆ తరువాత వరుస మందగించింది. 2006 తరువాత నమోదైనవారిలో పలువురు ఐదేళ్ళకు మించి వేచి ఉన్నారు. 2007 మే 1 నుండి వయస్సు, వివాహం, ఆదాయం, శరీర బరువు విషయాలలో నియమాలు కూడా కఠినమైనాయి.

ఈ కాలంలో కొందరు దరఖాస్తు విరమించుకున్నారు. కొందరు మరొక దేశాన్ని ఆశ్రయించారు. మరికొందరు గ్రహణమొర్రి, గుండె లోపం వంటి ప్రత్యేక అవసరాలు గల పిల్లలను స్వీకరించుటకు ముందుకు వచ్చారు. కాలక్రమంలో చైనా నుండి వెళ్ళిన పిల్లలలో ఇటువంటివారే అధిక సంఖ్యాకులయ్యారు. నిరీక్షణ భారం ఒక మేరకు వారికి మేలు చేసిందని చెప్పవచ్చు.

నిరీక్షించే కుటుంబాలలో కొన్ని ఆచారాలు కూడా ఏర్పడ్డాయి. ఉత్తర చైనాలో శిశువు కొరకు ఇరుగుపొరుగు నూరిళ్ళ నుండి గుడ్డముక్కలు సేకరించి బొంత కుట్టే సంప్రదాయం కలదు. అమెరికాలోని దత్తత కుటుంబాలు దీనిని స్వీకరించి, బంధుమిత్రుల నుండి ఒక్కొక్క గుడ్డముక్కను, దానితో పాటు ఒక శుభాకాంక్షను కోరి, రాబోయే బిడ్డకు బొంత కుట్టించేవి. కలుసుకొనవలసినవారిని కంటికి కనబడని ఎర్రదారం కలుపుతుందనే చైనా నమ్మకాన్ని కూడా చెప్పుకొనేవారు. ఈ భావన తల్లిదండ్రులకు ఊరట కలిగించినా, తమను కన్నతల్లి వదులుకొనడం విధిలిఖితమన్నట్లు ఉన్నదని పెద్దయిన దత్తపుత్రికలు కొందరు ఆక్షేపించారు.

నిరీక్షణ కాలాన్ని సద్వినియోగం చేయుటకు సంస్థలు శిక్షణ ఇస్తాయి. బిడ్డ భాషలోని నాలుగు మాటలు, తినుటకు అలవాటు పడిన ఆహారం, నిద్ర అలవాట్లు తెలుసుకొనడం, ఆరంభంలో బిడ్డ దగ్గరకు రాకపోయినా, ఎక్కువగా ఏడ్చినా నిరాశ చెందకపోవడం వంటివి ఇందులో ఉంటాయి. బిడ్డకు అది పుట్టుక కాదు, తెలిసిన ముఖాలను, వాసనలను, మాటలను ఒక్కసారిగా పోగొట్టుకొనడం అని గ్రహించాలి.

బిడ్డ వైపు

శిశుగృహంలో గడిచే ప్రతి నెలా బిడ్డ ఎదుగుదలపై ప్రభావం చూపుతుంది. దీనిని నిరూపించిన పరిశోధనలలో బుఖారెస్ట్‌లో జరిగినది ప్రసిద్ధం. ఛార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, ఛార్లెస్ జీనా అనే అమెరికా శాస్త్రవేత్తలు 2000-2001లో దీనిని ప్రారంభించారు. ఆశ్రమాలలోని 136 మంది పిల్లలను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గాన్ని పెంపుడు కుటుంబాలలో ఉంచారు. కుటుంబాలలో పెరిగిన పిల్లల బుద్ధివికాసం, అనుబంధాలు మెరుగుపడ్డాయి. సుమారు రెండేళ్ళ వయస్సు లోపల కుటుంబం చేరినవారికి ఎక్కువ మేలు కలిగింది. ఈ ఫలితాలు విదేశీ దత్తతను ప్రత్యేకంగా సమర్థించేవి కావు. బిడ్డకు కావలసినది కుటుంబమని, అది త్వరగా కావాలని మాత్రమే ఇవి తెలుపుతున్నాయి. అది స్వదేశీ కుటుంబమైనా కావచ్చు, సహాయం లభిస్తే కన్నవారి కుటుంబమే కావచ్చు.

అనాథాశ్రమంలోని పిల్లలందరూ అనాథలు కారని కూడా గమనించాలి. పేదరికం, వ్యాధి, వలస కారణంగా తాత్కాలికంగా పిల్లలను ఆశ్రమంలో ఉంచిన తల్లిదండ్రులు అనేక దేశాలలో కలరు. వారి ఆచూకీ తీయుటకు, వారి సమ్మతి నిజమైనదా కాదా తేల్చుటకు సమయం పడుతుంది. ఆ సమయమే ఇటు కుటుంబానికి నిరీక్షణగా కనిపిస్తుంది.

మధ్యలో ఆగిపోయిన దత్తతలు

ప్రభుత్వ నిర్ణయం వలన, ప్రతిపాదన అందిన తరువాత కూడా, బిడ్డ చేతికి రాని సందర్భాలు కలవు.

* రొమేనియా 2001లో విదేశీ దత్తతలను నిలిపివేసి, 2005 నుండి అమలైన చట్టంతో దాదాపు పూర్తిగా మూసివేసింది. అప్పటికే బిడ్డ నిర్ణయమైన కుటుంబాలు ఏళ్ళ తరబడి వేచి నిరాశ చెందాయి.
* గ్వాటెమాలా నుండి 2007లో అమెరికాకు నాలుగు వేలకు పైగా పిల్లలు వెళ్ళారు. అపహరణలు, నకిలీ పత్రాలు బయటపడడంతో 2007 డిసెంబరులో కొత్త చట్టం చేసి, కొత్త దరఖాస్తులు ఆపివేశారు.
* హైతీలో 2010 జనవరి భూకంపం తరువాత, అప్పటికే దత్తత క్రమంలో ఉన్న పిల్లలను అమెరికా ప్రత్యేక అనుమతితో రప్పించింది. అదే సమయంలో 33 మంది పిల్లలను సరిహద్దు దాటించబోయిన పదిమంది అమెరికన్లను అరెస్టు చేశారు. ఆ పిల్లలలో చాలామందికి తల్లిదండ్రులు ఉన్నారని తేలింది.
* రష్యా 2013 జనవరి 1 నుండి అమెరికన్లకు దత్తతను నిషేధించింది. బిడ్డను ముందే చూసి, ఎత్తుకొని, మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళిన దంపతులు ఇందులో చిక్కుకున్నారు. వారిలో 45 మంది అమెరికన్లు వేసిన దావాలో 2017 జనవరిలో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం, ఈ నిషేధం జాతీయతను బట్టి చూపిన వివక్ష అని తీర్పునిచ్చింది. అయినా పిల్లలు రాలేదు.
* చైనాలో 2020లో కోవిడ్ కారణంగా ప్రయాణాలు ఆగిపోయాయి. 2024 ఆగస్టు చివరలో ఆ దేశం, సమీప బంధువుల దత్తత మినహా, విదేశీ దత్తతలను ముగించింది. ప్రతిపాదన అందుకొని నాలుగేళ్ళకు పైగా వేచిన వందలాది కుటుంబాల దరఖాస్తులు అంతటితో ఆగాయి. ఆ పిల్లలలో చాలామంది ప్రత్యేక అవసరాలు గలవారు.

భారతదేశంలో

1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు మాత్రమే వర్తించేది. అందుచేత విదేశీయులు 1890 నాటి సంరక్షకుల చట్టం క్రింద బిడ్డకు సంరక్షకులుగా నియమితులై, తమ దేశానికి తీసుకొనిపోయి అక్కడ దత్తత చేసుకునేవారు. పర్యవేక్షణ కొరవడినందున అక్రమాలు జరిగాయి. లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది ఈ విషయమై వ్రాసిన లేఖను సుప్రీంకోర్టు రిట్ పిటిషన్‌గా స్వీకరించింది. 1984 ఫిబ్రవరి 6న జస్టిస్ పి.ఎన్.భగవతి ఇచ్చిన తీర్పు విదేశీ దత్తతలకు మార్గదర్శక సూత్రాలు నిర్దేశించింది. మొదట స్వదేశీ కుటుంబాన్నే వెదకాలని, విదేశీ దరఖాస్తు గుర్తింపు పొందిన సంస్థ ద్వారానే రావాలని అందులో ఉంది. హేగ్ ఒప్పందం కంటే ఇది తొమ్మిదేళ్ళు ముందుది కావడం గమనార్హం.

1990లో కేంద్రీయ దత్తత వనరుల సంస్థ (కారా) ఏర్పడింది. బాల న్యాయ చట్టం, 2015 అమలుతో ఇది చట్టబద్ధ సంస్థ అయింది. 2015 నుండి నమోదు అంతా అంతర్జాలం ద్వారా జరుగుతున్నది. చట్టంలోని 59వ సెక్షన్ ప్రకారం, దత్తతకు అర్హురాలని ప్రకటించిన బిడ్డకు 60 రోజులలో భారతీయ లేదా ప్రవాస భారతీయ కుటుంబం లభించనప్పుడు విదేశీ దత్తతకు అవకాశం కలుగుతుంది. దివ్యాంగులైన పిల్లలకు, తోబుట్టువులకు, ఐదేళ్ళు దాటినవారికి విదేశీ దత్తతలో ప్రాధాన్యం ఇవ్వవచ్చు. 2022 సెప్టెంబరు 1 నుండి దత్తత ఉత్తర్వును న్యాయస్థానానికి బదులు జిల్లా మేజిస్ట్రేటు జారీ చేస్తున్నారు. ఒంటరి పురుషునికి ఆడపిల్లను దత్తత ఇవ్వరు.

2024-25లో కారా ద్వారా జరిగిన 4,515 దత్తతలలో 4,155 దేశీయమైనవి. దేశంలోనే 30 వేలకు మించి కుటుంబాలు వరుసలో ఉన్నాయి. వారి నిరీక్షణ సగటున మూడేళ్ళు దాటింది. ఆరోగ్యవంతమైన పసిబిడ్డ కొరకు వేచేవారు అనేకులు కాగా, పెద్ద పిల్లలు, దివ్యాంగులు కుటుంబం కొరకు వేచి ఉన్నారు. విదేశాలకు వెళ్ళేవారిలో ఇటువంటి పిల్లలే ఎక్కువ.

ఆంధ్రప్రదేశ్ ఉదంతం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లోను, మళ్ళీ 2001లోను హైదరాబాదు, పరిసర జిల్లాలలోని కొన్ని దత్తత సంస్థలపై తీవ్రమైన ఆరోపణలు వచ్చాయి. లంబాడా తండాలలో పేద తల్లుల వద్ద ఆడశిశువులను దళారులు స్వల్ప మొత్తాలకు తీసుకొని, సంస్థల ద్వారా విదేశీ దత్తతకు చూపారన్నది వాటి సారాంశం. కట్నాల భారం, వరుసగా ఆడపిల్లలు పుట్టడం, కరవు, అప్పులు తల్లిదండ్రులను ఈ స్థితికి నెట్టాయి. పోలీసులు కేసులు నమోదు చేశారు. శిశువులను ప్రభుత్వ సంరక్షణలోకి తీసుకొని హైదరాబాదులోని శిశువిహార్‌కు తరలించారు. కన్నవారు బిడ్డను సంస్థలకు అప్పగించే పద్ధతిపై రాష్ట్ర ప్రభుత్వం ఆంక్షలు విధించింది.

అప్పటికే ఈ పిల్లలతో ప్రతిపాదన కుదిరిన అమెరికా కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఛాయాచిత్రం చేతికంది, పేరు పెట్టుకొని, గది సిద్ధం చేసుకున్న దశలో కేసులు, విచారణలు మొదలైనాయి. వారిలో అనేకులు ఏ తప్పూ ఎరుగరు. అయితే తండాలోని తల్లి సమ్మతి ఎటువంటిదో తేలకుండా బిడ్డను పంపడం న్యాయం కాదు. విచారణ సాగినంత కాలం పిల్లలు ఆశ్రమాలలోనే పెరిగారు. నిజాయితీ లేని తొందర ముందు జరిగితే దాని మూల్యాన్ని తరువాత దీర్ఘమైన నిరీక్షణగా అందరికంటె ఎక్కువ చెల్లించేది బిడ్డయే అనుటకు ఈ ఉదంతం నిదర్శనం.

ప్రవాస తెలుగువారు

విదేశాలలో నివసించే తెలుగు దంపతులు స్వదేశం నుండి బిడ్డను తెచ్చుకొనడం కూడా ఈ కోవలోనిదే. భారత పౌరసత్వం గల ప్రవాసులకు కారా వరుసలో దేశంలోని వారితో సమాన స్థానం ఉంది. అయితే నివసించే దేశపు వలస చట్టాలు కూడా వర్తిస్తాయి. అమెరికాలో హేగ్ పద్ధతి ద్వారా బిడ్డను తెచ్చుకొనుటకు దంపతులలో ఒకరైనా ఆ దేశ పౌరులై ఉండాలి. గ్రీన్‌కార్డు లేదా ఉద్యోగ వీసాపై ఉన్నవారు, తమ బిడ్డగా వలస ప్రయోజనం కోరుటకు, సాధారణంగా రెండు సంవత్సరాలు బిడ్డతో కలిసి నివసించి, చట్టబద్ధ సంరక్షణ కలిగి ఉన్నట్లు నిరూపించాలి. ఈ నియమం తెలియక భారతదేశంలో బంధువుల బిడ్డను దత్తత చేసుకొని, తరువాత వెంట తీసుకొనిపోలేక తల్లి లేదా తండ్రి ఇక్కడే ఉండిపోవలసిన పరిస్థితి కలగవచ్చు. కావున ఇరు దేశాల చట్టాలు ముందే తెలుసుకొనడం అవసరం.

పెద్దయిన పిల్లలు, మూలాల అన్వేషణ

దత్తత వెళ్ళిన పిల్లలు పెద్దవారై తమ పుట్టుక గురించి అన్వేషించడం 1990 దశకం నుండి అధికమైంది. మధ్యప్రదేశ్‌లోని ఖాండ్వాకు చెందిన సరూ బ్రియర్లీ బాల్యంలో రైలులో తప్పిపోయి కలకత్తా చేరి, 1987లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దంపతులకు దత్తత వెళ్ళాడు. ఉపగ్రహ చిత్రాల సాయంతో తన ఊరిని గుర్తించి 2012లో కన్నతల్లిని కలిశాడు. ఆయన కథ ఆధారంగా 2016లో లయన్ అనే చలనచిత్రం వచ్చింది. ఆయన తల్లి బిడ్డను వదులుకున్నది కాదు, పోగొట్టుకున్నది.

అందరికీ ఇటువంటి ఫలితం లభించదు. పత్రాలలో తప్పుడు పేర్లు, తప్పుడు తేదీలు ఉండడం వలన అనేకుల అన్వేషణ అసంపూర్ణంగా ముగుస్తుంది. కొరియా, చైనా దత్తపుత్రులు డి.ఎన్.ఏ. పరీక్షలను ఆశ్రయిస్తున్నారు. భారతదేశంలో 18 ఏళ్ళు నిండిన దత్తబిడ్డ స్వయంగా, అంతకు లోపు వారు తల్లిదండ్రులతో కలిసి, మూలాల సమాచారం కోరవచ్చు. కన్నతల్లి గోప్యతను కూడా పాటించవలసి ఉంటుంది.

పౌరసత్వం మరొక సమస్య. 2001 ఫిబ్రవరి 27న అమలులోకి వచ్చిన అమెరికా చట్టం వలన విదేశీ దత్తబిడ్డలకు స్వయంచాలకంగా పౌరసత్వం లభిస్తున్నది. అయితే ఆనాటికే 18 ఏళ్ళు నిండినవారికి ఇది వర్తించలేదు. తల్లిదండ్రులు దరఖాస్తు చేయని కారణంగా పౌరసత్వం లేక, నడివయస్సులో పుట్టిన దేశానికి పంపివేయబడినవారు కలరు.

విమర్శలు, సమర్థన

సంపన్న దేశపు డబ్బు పేద దేశంలో బిడ్డల కొరతను తీర్చే బేరంగా మారుతుందని, ఒక దత్తతకు అయ్యే ఖర్చుతో అనేక కుటుంబాలు తమ బిడ్డలను తామే పెంచుకోగలవని విమర్శకుల వాదన. భాష, సంస్కృతి, బంధువర్గం నుండి బిడ్డ దూరమవుతుందని కూడా వారు చెబుతారు. సమర్థకుల వాదన వేరు. సిద్ధాంత చర్చ తేలే వరకు బిడ్డ బాల్యం ఆగదని, స్వదేశంలో ఎవరూ స్వీకరించని దివ్యాంగ బిడ్డకు విదేశీ కుటుంబం చికిత్సను, ప్రేమను ఇస్తున్నదని, తలుపులు మూసినంత మాత్రాన ఆశ్రమాలు ఖాళీ కావని వారు అంటారు. మూసివేత తరువాత స్వదేశంలో దత్తతలు, పెంపుడు కుటుంబాలు పెరిగినచోట విమర్శకుల మాట, పెరగనిచోట సమర్థకుల మాట నిజమవుతుంది.

ప్రస్తుత స్థితి

ఇథియోపియా 2018లో విదేశీ దత్తతలను నిషేధించింది. డెన్మార్క్‌లో ఈ పని చేస్తున్న ఏకైక సంస్థ 2024లో తప్పుకున్నది. నెదర్లాండ్స్ దశలవారీగా ముగించాలని 2024లో నిర్ణయించింది. దక్షిణ కొరియాలో సత్య, సామరస్య కమిషన్ 2025 మార్చిలో, గత ప్రభుత్వాల నిర్లక్ష్యం వలన పత్రాల తారుమారు వంటి హక్కుల ఉల్లంఘనలు జరిగాయని నిర్ధారించింది. అదే సంవత్సరం అక్టోబరులో అధ్యక్షుడు లీ జే-మ్యుంగ్ దత్తత వెళ్ళినవారికి, వారి కుటుంబాలకు క్షమాపణ తెలిపారు.

భారతదేశం, కొలంబియా వంటి దేశాల నుండి పరిమిత సంఖ్యలో దత్తతలు కొనసాగుతున్నాయి. వీరిలో ఎక్కువమంది పెద్ద పిల్లలు, తోబుట్టువులు, ప్రత్యేక అవసరాలు గలవారు. నేడు విదేశీ బిడ్డ కొరకు దరఖాస్తు చేసే కుటుంబం పసిబిడ్డను గాక, తన కథ తనకు కొంత తెలిసిన పిల్లనో పిల్లవానినో స్వీకరించుటకు సిద్ధపడవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* దత్తత
* బాలల హక్కులు
* బాల న్యాయ చట్టం
* హిందూ దత్తత, భరణ చట్టం
* శిశువిహార్
* లంబాడా